ఆన్‌లైన్ చదువులో ఏ పద్ధతి ఎంతవరకు పనిచేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

గణితం, గణాంకశాస్త్రం ఆన్‌లైన్‌లో చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి తల్లిదండ్రులు, విద్యార్థులు, తోటి టీచర్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. జవాబుల్లో పరిశోధనలు తేల్చిన సంగతులున్నాయి, నా క్లాసుల్లో నేను కళ్లారా చూసినవీ ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో చదివితే క్లాసులో కూర్చుని చదివినంత వస్తుందా?

అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఇరవై మందితో జరిగే లైవ్ క్లాసూ ఆన్‌లైనే, లక్షమంది ఎవరికి వాళ్లు చూసుకునే వీడియో కోర్సూ ఆన్‌లైనే, ఒక్క పిల్లకు ఒక్క టీచర్ చెప్పే ట్యూషనూ ఆన్‌లైనే. వీటి ఫలితాలకు ఒకదానితో ఒకటికి పొంతన ఉండదు.

అమెరికా విద్యాశాఖ 2009లో ఒక పెద్ద సమీక్ష వెలువరించి, 2010లో దాన్ని సవరించింది. అధ్యయనాల్లోంచి 50 పోలికలు తీసి కలిపి చూస్తే, ఆన్‌లైన్‌లో చదివినవాళ్లు సగటున కొంచెం ముందున్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని చాలామంది ప్రచారం చేసుకున్నారు. లోపలికి వెళ్లి చూస్తే, ఆ ముందంజ ప్రధానంగా ఆన్‌లైన్‌నూ తరగతి గదినీ కలిపి నడిపిన చోట్ల నుంచి వచ్చింది. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచిన కోర్సులకూ మామూలు తరగతికీ పెద్ద తేడా కనిపించలేదు. పైగా కలిపి నడిపిన చోట విద్యార్థులు ఎక్కువసేపు చదివారు, వాళ్లకు అదనపు పాఠ్యసామగ్రి కూడా అందింది. కాబట్టి ఆ ఫలితాన్ని ఆన్‌లైన్ ఖాతాలో వేసెయ్యకూడదని ఆ నివేదికే హెచ్చరించింది. స్కూలు పిల్లల మీద జరిగిన అధ్యయనాలు అందులో చాలా తక్కువ. పిల్లల విషయంలో దాన్ని సాక్ష్యంగా చూపేవాళ్లు ఆ సంగతి చెప్పరు.

ఇన్నేళ్లలో నేను ఒక నిర్ణయానికి వచ్చాను. పద్ధతి పేరేదైనా రెండు విషయాలు చూడాలి. అది విద్యార్థి చేత ఎంత పని చేయిస్తోంది? విద్యార్థి వెనకబడితే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తోందా? కింది జవాబులన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

వీడియో చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. పరీక్షలో మాత్రం చెయ్యి ఆడదు. ఎందుకు?

ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగేటప్పుడు చాలామంది గొంతులో సిగ్గు వినిపిస్తుంది, తమ బుర్రలోనే ఏదో లోపం ఉందన్నట్టు. ఏ లోపమూ లేదు.

ఒక సాయంత్రం లైవ్ క్లాసులో సంభావ్యత చెబుతున్నాను. సంచిలో 5 ఎర్ర బంతులు, 3 నీలం బంతులు. మొదట ఎర్రది తీశాం, తిరిగి సంచిలో వెయ్యలేదు. రెండోది కూడా ఎర్రదే వచ్చే అవకాశం ఎంత? లెక్క నేనే చేసి చూపించాను. 7లో 4. చాట్‌లో "అర్థమైంది", "అర్థమైంది మేడమ్" అంటూ వరసగా వచ్చాయి. అప్పుడు స్క్రీన్ తుడిచేసి అంకెలు మార్చాను. 6 ఎర్రవి, 2 నీలం, మొదట నీలం తీశాం, రెండోది ఎర్రది రావాలి. కాగితం మీద చేసి ఫొటో పంపమన్నాను. చాట్ మూగబోయింది. కాసేపటికి పద్నాలుగు ఫొటోలు వచ్చాయి. తొమ్మిదింటిలో భిన్నం కింద 8 అలాగే ఉంది. ఒక బంతి సంచి బయట ఉందన్న సంగతి నేను చెప్పగా విన్నారు, తలూపారు, రాసేటప్పుడు మాత్రం తట్టలేదు. ఒకమ్మాయి కాగితంలో 8 కొట్టేసి ఉంది, పక్కన చిన్నగా 7 వేసి ఉంది. నేను చెప్పిన పాఠం ఆ అమ్మాయికి ఆ కొట్టివేత దగ్గర వచ్చింది.

దీన్ని పరిశోధకులు చాలా రకాలుగా పరీక్షించారు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగం నాకు ఎప్పుడూ గుర్తుకొస్తుంది. ఒక బృందం ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో బృందం ఒక విడత చదివి, మూడు విడతలు పుస్తకం మూసేసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతానికి 71 శాతం. వారం తర్వాత అడిగితే తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 61 శాతం. వీడియో మళ్లీ మళ్లీ చూసి పరీక్షకు వెళ్లడం అచ్చంగా ఆ మొదటి బృందం చేసిన పనే.

కెన్ కోడింజర్ బృందం 2015లో ఒక మనస్తత్వశాస్త్ర ఆన్‌లైన్ కోర్సును పరిశీలించింది. వీడియోలు ఎక్కువ చూడటంతో పోలిస్తే అభ్యాసాలు ఎక్కువ చెయ్యడానికి, నేర్చుకున్నదానికి ఉన్న సంబంధం ఆరు రెట్ల వరకు బలంగా కనిపించింది.

అలాంటప్పుడు అందరూ అభ్యాసాలే చెయ్యొచ్చు కదా అంటారా? చేస్తుంటే ఇబ్బందిగా ఉంటుంది మరి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం విద్యార్థుల మీద జరిగిన ఒక ప్రయోగం 2019లో వచ్చింది. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లు తమకు ఎక్కువ వచ్చిందనుకున్నారు. తామే లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లు తమకు తక్కువ వచ్చిందనుకున్నారు. పరీక్ష పెడితే కుస్తీ పట్టినవాళ్లకే ఎక్కువ వచ్చింది. కాబట్టి ఒక కోర్సు హాయిగా సాగిపోతోందంటే సంతోషించే ముందు, ఇవాళ నా చేత ఏం చేయించింది అని ఒకసారి అడగండి.

వీడియో ఎంత నిడివి ఉంటే మంచిది? వేగం పెంచి చూడొచ్చా?

ఎడ్ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద 69 లక్షల వీక్షణలను విశ్లేషించిన 2014 నాటి పరిశోధన ప్రకారం, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు నికరంగా చూసేది మహా అయితే ఆరు నిమిషాలు. అయితే అది ఎంతసేపు చూశారో చెప్పే లెక్క, ఎంత నేర్చుకున్నారో చెప్పేది కాదు. ముక్కలు చేసినంత మాత్రాన పాఠం బుర్రకెక్కదు. ముక్కకూ ముక్కకూ మధ్య ఏం పెట్టారన్నదే అసలు విషయం. 21 నిమిషాల గణాంకశాస్త్రం వీడియోను నాలుగు భాగాలు చేసి, మధ్యలో చిన్న పరీక్షలు పెట్టిన ఒక ప్రయోగం 2013లో వచ్చింది. పరీక్షలు లేనివాళ్లతో పోలిస్తే ఆ విద్యార్థుల ధ్యాస పక్కకు పోవడం దాదాపు సగానికి తగ్గింది.

వేగం సంగతంటారా, వివరణ వినే పాఠాలైతే ఒకటిన్నర రెట్లతో పెద్దగా నష్టం లేదు. లెక్క చేసి చూపే చోట మాత్రం వేగం పెంచకండి. అక్కడ ఆపాలి, ముందు మీరు చెయ్యాలి, ఆ తర్వాత చూడాలి.

లైవ్ క్లాసు మంచిదా, రికార్డింగా?

టీచర్ గంటసేపు ఏకధాటిగా చెప్పుకుంటూ పోతే ఆ లైవ్ క్లాసుకూ రికార్డింగ్‌కూ తేడా లేదు. ఇంకా చెప్పాలంటే రికార్డింగే నయం, ఆపి వెనక్కి తిప్పుకోవచ్చు. లైవ్‌కు విలువ వచ్చేది టీచర్ అడిగినప్పుడు, విద్యార్థి తప్పు చెప్పినప్పుడు, ఆ తప్పును అక్కడికక్కడ పట్టుకున్నప్పుడు.

పరిశోధకుల పేర్లు తెలియకపోయినా ప్రతి టీచరుకూ ఇది అనుభవమే. 225 అధ్యయనాలను కలిపి స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో ప్రచురించిన విశ్లేషణలో, సైన్స్, ఇంజనీరింగ్, గణితం కోర్సుల్లో ఉపన్యాసం మాత్రమే విన్నవాళ్లలో ఫెయిలైనవాళ్లు దాదాపు 34 శాతం. క్లాసులో తామే ఏదో ఒక పని చేసినవాళ్లలో దాదాపు 22 శాతం. అది తరగతి గదుల లెక్కే, అయినా స్క్రీన్ అడ్డం వచ్చిందని మనిషి నేర్చుకునే తీరు మారిపోదు.

నన్నడిగితే రెండూ ఉండాలి. వివరణ రికార్డింగ్‌లో, లెక్కలు లైవ్‌లో.

బ్లెండెడ్, ఫ్లిప్డ్ అంటే ఒకటేనా? అవి నిజంగా పనిచేస్తాయా?

ఆన్‌లైన్, తరగతి గది కలిపి నడిపే ఏ పద్ధతినైనా బ్లెండెడ్ అంటారు. అందులో ఒక రకం ఫ్లిప్డ్. పాఠం ఇంట్లో చూసి వస్తారు, హోంవర్క్ క్లాసులో చేస్తారు. కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు క్లాసుకు రాలేకపోయిన పిల్లల కోసం 2007లో పాఠాలు రికార్డు చెయ్యడం మొదలుపెట్టాక ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది.

ఈ పద్ధతి మీద నాకు నమ్మకం ఉంది. విలియం బోవెన్ బృందం ఆరు ప్రభుత్వ కాలేజీ క్యాంపస్‌లలో గణాంకశాస్త్రం విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసింది. ఒక సగానికి మామూలు క్లాసులు. రెండో సగానికి కంప్యూటర్ మీద అభ్యాసాలు, వారానికి ఒక్కసారి టీచరుతో క్లాసు. చివర్లో ఫలితాలు దాదాపు సమానంగా వచ్చాయి, రెండో సగం చదువు మీద పెట్టిన సమయం మాత్రం తక్కువ. ఆ కంప్యూటర్ కోర్సు వీడియోల మూట కాదు. ప్రతి మెట్టు దగ్గరా ప్రశ్న అడిగి, తప్పు చేస్తే సూచన ఇచ్చేలా ఏళ్ల తరబడి శ్రమపడి కట్టినది.

ఫ్లిప్డ్ క్లాసు బోల్తా కొట్టేది ఒకే చోట. పిల్లలు వీడియో చూడకుండా వస్తారు, టీచర్ జాలిపడి పాఠం మళ్లీ చెబుతారు. వచ్చే వారం నుంచి ఎవరూ చూడరు. నేనూ రెండు నెలలు అలాగే చేశాను. తర్వాత క్లాసు మొదట్లో మూడు ప్రశ్నల కాగితం పెట్టాను. చూడనివాళ్లను మందలించకుండా, పది నిమిషాలు ఓ పక్కన కూర్చుని చూసి రమ్మన్నాను. మూడు వారాల్లో దారికొచ్చారు.

ఉచిత మూక్ కోర్సుల్లో చేరితే నిజంగా నేర్చుకోగలమా?

మూక్ అంటే ఎంతమందైనా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సు. వాటిలో నేర్చుకోగలరు. పూర్తిచేసేవాళ్లు మాత్రం చాలా కొద్దిమంది. 2011లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన కృత్రిమ మేధ కోర్సులో 1,60,000 మంది చేరితే, చివరిదాకా వచ్చినవాళ్లు 20 వేల పైచిలుకు. ఆ ఉత్సాహంలో యూనివర్సిటీలకు కాలం చెల్లిందని కూడా అన్నారు. ఎంఐటీ, హార్వర్డ్ ఎడ్ఎక్స్‌లో నడిపిన కోర్సుల లెక్కలను 2019లో జస్టిన్ రైక్, హొసే రుయిపెరెజ్ వలియెంటె బయటపెట్టారు. చేరినవాళ్లలో సగానికి పైగా కోర్సు లోపలికే అడుగుపెట్టలేదు. 2017-18లో పూర్తిచేసినవాళ్లు నూటికి ముగ్గురు. డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలో మాత్రం 46 శాతం పూర్తిచేశారు. డబ్బు కట్టేది ముందే పట్టుదల ఉన్నవాళ్లు కాబట్టి, కడితే చాలు పూర్తవుతుందని అనుకోకండి.

దీన్ని విద్యార్థుల ఆరంభశూరత్వం అని కొట్టిపారెయ్యడం అన్యాయం. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడి, 1971లో తొలి విద్యార్థులను చేర్చుకుంది. పాఠాలు పోస్టులో, టీవీలో, రేడియోలో. కానీ ప్రతి విద్యార్థి రాసిన అసైన్‌మెంటూ దిద్దడానికి ఒక ట్యూటర్ ఉండేవారు. దూరం నుంచి చదివినా తన కాగితాన్ని ఒక మనిషి చదువుతున్నారని విద్యార్థికి తెలుసు. మూక్‌లో మీరు మానేస్తే కనుక్కునేవాళ్లుండరు.

చేరాలనుకుంటే ఒంటరిగా చేరకండి. ఒక స్నేహితుణ్ణి లాక్కెళ్లండి. వారం వారం ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకోండి.

ఆన్‌లైన్ ఎవరికి బాగా పనికొస్తుంది, ఎవరిని దెబ్బతీస్తుంది?

నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం ఇదే. వాషింగ్టన్ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీల్లో 40 వేల మందికి పైగా విద్యార్థుల రికార్డులను డి షూ, షానా జాగర్స్ పరిశీలించి 2014లో ప్రచురించారు. ఆన్‌లైన్ కోర్సుల్లో అన్ని రకాల విద్యార్థులకూ మార్కులు కొంత తగ్గాయి, మధ్యలో మానేసినవాళ్లు పెరిగారు. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది చిన్న వయసువాళ్లు, మగపిల్లలు, నల్లజాతి విద్యార్థులు, అప్పటికే మార్కులు తక్కువగా ఉన్నవాళ్లు. క్లాసులో ఉన్న అంతరమే ఆన్‌లైన్‌లో ఇంకా పెరిగింది.

పూర్తిగా ఆన్‌లైన్‌లోనే నడిచే అమెరికా చార్టర్ స్కూళ్ల (ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే బడులు) మీద స్టాన్‌ఫర్డ్ పరిశోధన కేంద్రం ఒకటి 2015లో ఇచ్చిన నివేదిక ఇంకా కఠినం. మామూలు స్కూళ్లలోని అలాంటి పిల్లలతో పోలిస్తే వాళ్లు గణితంలో ఏడాదికి 180 రోజుల చదువు వెనకబడ్డారు. అక్కడ విద్యా సంవత్సరమే 180 రోజులు.

సొంతంగా సమయం కేటాయించుకోగలిగిన పెద్దవాళ్లకు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు, ఆ విషయంలో పునాది ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ ఒక వరం. పునాది గట్టిగా లేని పిల్లవాడిని రికార్డింగ్‌లకు వదిలేసి "సౌలభ్యం" అనడాన్ని నేను ఒప్పుకోలేను.

కరోనా కాలంలో ఆన్‌లైన్ విఫలమైంది కదా, ఇంకా దాని గురించి ఎందుకు?

అప్పుడు జరిగింది అత్యవసర ఏర్పాటు. వారం రోజుల వ్యవధిలో బడి మొత్తాన్ని స్క్రీన్ మీదకు ఎక్కించారు. ముందే ఆలోచించి కట్టిన ఆన్‌లైన్ కోర్సును దానితో పోల్చకూడదు. నష్టం మాత్రం నిజం. నెదర్లాండ్స్‌లో బడులు మూతపడింది 8 వారాలే, ఇంటింటా ఇంటర్నెట్ ఉన్న దేశం అది. అయినా పిల్లలు ఏడాది చదువులో ఐదో వంతుకు సమానంగా వెనకబడ్డారని 2021లో తేలింది. పెద్దగా చదువుకోని తల్లిదండ్రుల ఇళ్లలో ఆ నష్టం 60 శాతం వరకు ఎక్కువ.

మా ఇంట్లో ఇంటర్నెట్ సరిగ్గా రాదు. ఇక దారి లేదా?

ఉంది. బోట్స్‌వానాలో 2020లో బడులు మూసినప్పుడు నోమ్ ఆంగ్రిస్ట్ బృందం దాదాపు 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం చేసింది. కొందరికి వారానికోసారి లెక్కలు ఎస్సెమ్మెస్‌లో పంపారు. కొందరికి ఎస్సెమ్మెస్‌తో పాటు టీచర్ ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టించి, పదిహేను ఇరవై నిమిషాలు ఆ లెక్క పిల్లల చేత చేయించారు. ఫోన్ వచ్చిన పిల్లలు మెరుగయ్యారు. ఎస్సెమ్మెస్ మాత్రమే అందుకున్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అవే లెక్కలు. తేడా అల్లా అవతలి గొంతు.

మామూలు ఫోన్ కాల్ చాలామంది చిన్నచూపు చూసే సాధనం. అయినా ఇంత ఖర్చులో ఇంత ఫలితమిచ్చేది ఇంకొకటి నాకు తెలియదు.

ఒక్కరికి ఒక్కరే చెప్పే ఆన్‌లైన్ ట్యూషన్?

పద్ధతులన్నిటిలో నా ఓటు దీనికే. ఇటలీలో 2020లో యూనివర్సిటీ విద్యార్థులు స్వచ్ఛందంగా ముందుకొచ్చి, వెనకబడిన కుటుంబాల మిడిల్ స్కూల్ పిల్లలకు వారానికి మూడు గంటలు ఆన్‌లైన్‌లో చెప్పారు. మిషెలా కర్లానా, ఎలియానా లా ఫెరారా లాటరీ పద్ధతిలో పరీక్షించి చూశారు. పిల్లల మార్కులు పెరిగాయి, మానసికంగా కూడా కుదుటపడ్డారు. చెప్పినవాళ్లు ట్రైనింగ్ అయిన టీచర్లు కాకపోయినా ఈ ఫలితం వచ్చింది.

ఏఐ చాట్‌బాట్‌తో చదివితే?

మీరు దాన్ని ఎలా వాడతారన్న దాని మీద ఉంటుంది. తుర్కియేలో దాదాపు వెయ్యిమంది హైస్కూల్ విద్యార్థులతో జరిగిన ప్రయోగంలో, జవాబు నేరుగా చెప్పేసే చాట్‌బాట్ ఉన్నవాళ్లు అభ్యాసం సమయంలో 48 శాతం మెరుగ్గా చేశారు. అది తీసేసి పరీక్ష పెడితే, అసలు చాట్‌బాట్ లేనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా, టీచర్లు తయారుచేసిన సూచనలు మాత్రమే ఇచ్చే చాట్‌బాట్ వాడినవాళ్లకు ఆ నష్టం దాదాపుగా లేదు. కాబట్టి ముందు మీరు చేసి, ఎక్కడ తప్పిందో దాన్ని అడగండి.

కెమెరా ఆన్ చెయ్యమని పట్టుబట్టాలా?

వద్దు. కొందరికి ఇంట్లో విడిగా గది ఉండదు, కొందరికి ముఖం చూపించడమే టెన్షన్. ముఖం కనిపిస్తే చదువుతున్నట్టూ కాదు. కాగితం ఫొటో అడగండి, అది అబద్ధం చెప్పదు.

కోర్సులో డబ్బు కట్టేముందు ఏం అడగాలి?

ఎన్ని గంటల వీడియోలున్నాయని అడగకండి, వాళ్లే చెబుతారు. నేను రాసింది ఎవరు దిద్దుతారు, ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారు? రెండు వారాలు రాకపోతే నాకెవరైనా ఫోన్ చేస్తారా? క్రితంసారి చేరినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారు? ఈ మూడింటికీ అవతలివాళ్లు నీళ్లు నమిలితే ఆ డబ్బుతో పుస్తకం కొనుక్కుని, ఎవరైనా సీనియర్ దగ్గర కూర్చోవడం మేలు.

నేను టీచర్ని. అరవై మంది ఉన్న ఆన్‌లైన్ క్లాసులో ఒక్కదాన్నే ఇవన్నీ ఎలా చెయ్యను?

అన్నీ చెయ్యలేరు, చెయ్యాలని మీద వేసుకోకండి. ఒక్క మార్పుతో మొదలుపెట్టండి. పాఠంలో ప్రతి పది నిమిషాలకూ ఆగి ఒక ప్రశ్న ఇవ్వండి. చాట్‌లో అందరూ జవాబు టైప్ చేసి ఉంచాలి, మీరు చెప్పినప్పుడే ఒకేసారి పంపాలి. ముందు పంపిన తెలివైన పిల్లవాణ్ణి చూసి మిగతావాళ్లు రాసెయ్యడం దీనితో ఆగిపోతుంది. జవాబుల వరస మీద ఒకసారి కళ్లు పరిగెత్తిస్తే ఎక్కడ తప్పుతున్నారో అర నిమిషంలో తెలుస్తుంది.

రెండోది, పంపనివాళ్ల పేర్లు. నేను క్లాసు అయ్యాక ఆ రోజు మౌనంగా ఉన్నవాళ్లలో ముగ్గురి పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకుని, మర్నాడు ఒక్కొక్కరికి రెండు నిమిషాలు ఫోన్ చేస్తాను. "నిన్న బంతుల లెక్క ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతాను. మొదట్లో చాలామంది భయపడతారు, ఏదో తప్పు చేశామని. ఒకబ్బాయి మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నేను జవాబు పంపలేదని మీకెలా తెలిసింది మేడమ్?" అన్నాడు. ఆ వారం నుంచి అతని కాగితం ఫొటో రోజూ వస్తోంది.